పాతబట్టల మూట: దాచుట పొదుపు కాదు, వాడుటయే పొదుపు

మన గ్రామములలో పాతబట్టల మూట లేని ఇల్లు అరుదు. అటుకమీదనో, మంచము క్రిందనో, ట్రంకుపెట్టెలోనో అది యుండును. కట్టి కట్టి మెత్తబడిన నేతచీరలు, అంచు చినిగిన పంచెలు, పిల్లలకు పొట్టియైన లాగులు, గౌనులు, దర్జీ ఇంటినుండి అడిగి తెచ్చిన కత్తిరింపు ముక్కలు అన్నియు అందు చేరును. "తీరిక దొరికినప్పుడు బొంత కుట్టుకొందము" అను తలంపుతో ఇల్లాలు వానిని భద్రపరచును. ఏటేట మూట పెరుగును. బొంత మాత్రము తయారు కాదు. కొన్నేండ్లకు మూట విప్పి చూచినచో కొంత చెదలు తినియుండును, కొంత ఎలుకలు కొరికియుండును, మిగిలినది బూజుపట్టి ముట్టుకొనినంతనే చినుగును. ఇంతకాలము కాపాడితిమనుకొన్న బట్ట తుదకు పెంటకుప్ప చేరును.

ఇది ఇంటి ముచ్చట గదా, పంచాయతీ సభ్యులకు దీనితో పనియేమి యని కొందరు అడుగవచ్చును. పని కలదు. రాజ్యాంగమునకు చేసిన 73వ సవరణ 1993 ఏప్రిల్ 24 నుండి అమలులోనికి వచ్చినది. దానితో చేర్చిన పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములు పేర్కొనబడినవి. ఖాదీ, గ్రామ, కుటీర పరిశ్రమలు అందొకటి. ఆరోగ్యము, పారిశుద్ధ్యము మరియొకటి. స్త్రీ శిశు అభివృద్ధి ఇంకొకటి. పాతబట్టల మూట ఈ మూడింటిని తాకుచున్నది. వాడినచో అది కుటీర పరిశ్రమకు ముడిసరుకు. పారవేసినచో మురుగుకాలువకు అడ్డంకి. దానిని బాగుచేయు శ్రమయంతయు చాలవరకు స్త్రీలదే. కావున ఈ పాఠమున మూట పెరుగుటకు కారణములను, దానిని వేరుచేసి నిలువయుంచు పద్ధతిని, బొంత లెక్కను, పంచాయతీ చేయదగిన సాయమును వరుసగా వివరింతుము.

మూట ఏల పెరుగుచున్నది?

మన తాతల కాలమున బట్ట కరవు వస్తువు. రెండవ ప్రపంచయుద్ధపు రోజులలో కొరత మిక్కుటమై 1943లో ప్రభుత్వము నూలుబట్టపై నియంత్రణ ఉత్తరువును జారీచేయవలసి వచ్చినది. ఆ రోజులు చూచిన వారికి చింకిపాత కూడ విలువగలదే. చీర చినిగినచో మాసిక వేసి కట్టుకొనిరి. మాసికకు లొంగనిచో ఉయ్యాలకు కట్టిరి. అటుపిమ్మట అది పొత్తిగుడ్డయై, బొంతలో పొరయై, కడకు మసిగుడ్డయై పోయెడిది. ఒకే బట్టకు అయిదారు జన్మలుండెడివి. మూట పెరుగుటకు అవకాశమే లేదు.

నేటి స్థితి వేరు. బట్ట చవుకయైనది. పండుగకు, పెండ్లికి, గృహప్రవేశమునకు పెట్టుబడి చీరలు ఇచ్చుట, పుచ్చుకొనుట పెరిగినది. పుచ్చుకొన్న చీరలలో కొన్ని మడత విప్పకయే మరియొకరి ఇంటికి పోవును. కొన్ని పెట్టెలో మిగిలిపోవును. కుట్టిన దుస్తులు కొనువాడుకయు హెచ్చినది. పిల్లల దుస్తులు చినుగకముందే పొట్టియగును. అన్నింటికంటె ముఖ్యమైన మార్పు బట్ట యొక్క జాతిలో వచ్చినది. పూర్వము మూటలో చేరినదంతయు నూలుబట్టయే. ఇప్పుడు చేరునది చాలభాగము పాలియెస్టరు, లేక నూలుతో కలిసిన పాలియెస్టరు. మన సిరిసిల్ల మరమగ్గములపై నేయబడునదియు విస్తారముగా పాలియెస్టరు బట్టయే. కట్టుకొనుటకు అది మన్నిక గలది, ఉతుకుట సులభము. కాని బొంతకు అది తగదు. చెమటను పీల్చదు, సూదిక్రింద జారును, నిప్పు తగిలినచో కరగి ఒంటికి అంటుకొనును.

ఈ రెండు కారణములు కలిసి మూటను పెంచుచున్నవి. వచ్చు బట్ట పోవు బట్టకంటె ఎక్కువ. వచ్చినదానిలో పనికివచ్చునది తక్కువ. ఈ సంగతి గ్రహింపక అన్నింటిని ఒకే మూటలో కట్టుటవలన మంచిబట్టయు చెడ్డబట్టతోపాటు నిరుపయోగమగుచున్నది.

మొదటి పని: విప్పుట, వేరుచేయుట

ఎండ బాగుగా కాయు దినమున మూటనంతయు విప్పి చాపమీద పరచవలెను. ప్రతి బట్టను పట్టిచూచి నాలుగు కుప్పలుగా వేరుచేయవలెను.

మొదటిది గట్టి నూలుబట్ట. రెండు చేతులతో లాగినను చినుగనిది, వెలుతురునకు ఎదురుగా పట్టినప్పుడు జల్లెడవలె కనబడనిది. ఇది బొంతకు పైపొరకు, అడుగుపొరకు తగును. రెండవది నలిగిన నూలుబట్ట. పలుచబడినది, అక్కడక్కడ చిరుగులు గలది. ఇది బొంతకు నడిమిపొరలకు తగును. మెత్తదనము దీనినుండియే వచ్చును. మూడవది పాలియెస్టరు, నైలాను, జరీబట్ట. ఇది బొంతకు కాదు. సంచులకు, కాలిపట్టలకు వాడదగును. నాలుగవది దేనికిని పనికిరానిది. బూజుపట్టినది, నూనెజిడ్డు పట్టినది, ముట్టుకొన్న చినుగునది ఇందు చేరును.

నూలేదో పాలియెస్టరేదో కంటికి తెలియనప్పుడు నిప్పుతో పరీక్షింపవచ్చును. బట్ట అంచునుండి రెండంగుళముల దారపుపోగులను తీసి, పట్టకారుతో పట్టుకొని, ఆరుబయట, నీరు పోసిన పళ్ళెముపైన వెలిగింపవలెను. పెద్దవారే ఈ పని చేయవలెను. నూలు చురుకుగా మండును, కాగితము కాలిన వాసన వచ్చును, మెత్తని బూడిద మిగులును. పాలియెస్టరు మంటకు ముడుచుకొని కరగును. చల్లారినపిమ్మట గట్టి పూసవలె మిగులును. పట్టు, ఉన్ని కాలినచో వెంట్రుకలు కాలిన వాసన వచ్చును. బూడిదయు పూసయు రెండును కనబడినచో అది కలిపి నేసిన బట్ట. దానిని మూడవ కుప్పలోనే వేయవలెను.

రంగు పరీక్ష కూడ చేయవలెను. తెల్లని తడిగుడ్డను రంగుబట్టపై ఒత్తినప్పుడు మరక పడినచో ఆ బట్టను రంగు దిగుట మానువరకు విడిగా ఉతుకవలెను. లేనిచో మొదటి ఉతుకులోనే బొంతయంతయు మరకలమయమగును. ఎన్నడు ఉతుకని కొత్త నూలుబట్ట ముక్కలను, ముఖ్యముగా దర్జీ ముక్కలను, కత్తిరించుటకు ముందే నీట తడిపి ఆరవేయవలెను. కొత్త నూలు మొదటి తడుపునకు కుంచించుకొనును, పాతబట్ట కుంచించుకొనదు. రెండును కలిపి కుట్టిన బొంత ఉతికిన వెంటనే ముడుతలు పడును.

నిలువయుంచు పద్ధతి

వేరుచేసిన బట్టను ఉతికి, గంజి పెట్టక, పూర్తిగా ఎండనిచ్చి మడువవలెను. గంజి పురుగునకు ఆహారము. తేమ బూజునకు ఆధారము. తడి ఆరని బట్టను ప్లాస్టికు సంచిలో బిగించికట్టుట దానిని చేజేతుల చెరచుటయే. గాలి ఆడు నూలుసంచి గాని, అడుగున శుభ్రమైన గుడ్డ పరచిన ట్రంకుపెట్టె గాని శ్రేష్ఠము. పెట్టెను నేలకు తగులనీయక ఇటుకలపై నిలుపవలెను. గోడకు ఆనించరాదు, చెదలు గోడవెంటనే వచ్చును.

నీడన ఎండబెట్టిన వేపాకును మడతలమధ్య పెట్టు ఆచారము మనకు కలదు, అది మంచిదే. కొందరు నాఫ్తలీను గోళీలు వేయుదురు. ఆ బట్టను పసిబిడ్డల పక్కకు, పొత్తిగుడ్డకు వాడరాదు. నాఫ్తలీను కొందరు శిశువుల రక్తమునకు తీవ్రమైన హాని చేయునని వైద్యులు హెచ్చరించుచున్నారు.

ఏటికి రెండుమార్లు, వానలకు ముందు వైశాఖమునను, వానలు వెనుకబట్టిన పిదప కార్తికమునను, పెట్టె తెరచి బట్టను ఎండలో వేయవలెను. పెట్టెమూతకు లోపల ఒక చీటీ అంటింపవలెను. "నేతచీరలు 4, పంచెలు 3, దర్జీ ముక్కలు 2 కిలోలు" అని వ్రాసియుంచినచో ఏమున్నదో తెలియును. తీసినప్పుడు కొట్టివేయవలెను, చేర్చినప్పుడు వ్రాయవలెను. ఉన్నదేమో తెలియని నిలువ లేనిదానితో సమానము.

బొంత లెక్క

ఎంత బట్ట కలదో తెలిసిన పిదప ఎంత బట్ట కావలెనో తెలియవలెను. ఒకరు కప్పుకొను బొంతకు పొడవు 2 మీటర్లు, వెడల్పు 1.1 మీటరు చాలును. అనగా చీర వెడల్పే బొంత వెడల్పు. నాలుగు పొరలు వేసినచో మొత్తము 8.8 చదరపు మీటర్ల బట్ట పట్టును. 5.5 మీటర్ల నేతచీరలో సుమారు 6 చదరపు మీటర్లు కలదు. కావున ఒక బొంతకు సుమారు చీరన్నర బట్ట చాలును. రెండు చీరలు తీసుకొని ఒక్కొక్కదానినుండి రెండేసి మీటర్ల ముక్కలు రెండు తీసినచో నాలుగు పొరలు అతుకులేకుండ సిద్ధించును. ఇంకను మీటరున్నర చొప్పున రెండు ముక్కలు మిగులును.

ఈ లెక్క నిలువకు కూడ వర్తించును. ఏటికి 3 నేతచీరలు మూటలో చేరు ఇంట, ఏటికి 2 బొంతలు కుట్టినచో మూట పెరగదు, తరగదు. ఒక్క బొంత మాత్రమే కుట్టినచో ఏటికి చీరన్నర చొప్పున మిగిలి, పదేండ్లకు 15 చీరల మూట తయారగును. మూట పెరుగుచున్నదనగా రాకడకు పోకడకు పొత్తు కుదరలేదని అర్థము. అప్పుడు చేయవలసినవి రెండే. పోకడ పెంచవలెను, లేదా రాకడ తగ్గింపవలెను. "ఒక పెట్టెకు మించి దాచరాదు, పెట్టె నిండినప్పుడు ఒక బొంతయైన కుట్టక క్రొత్తబట్ట చేర్చరాదు" అను నియమము ఏ ఇంటికైనను మేలు చేయును.

ముక్కలతో పైపొర కుట్టువారు మరియొక లెక్క గమనింపవలెను. ముక్క నాలుగు వైపుల ఒక సెంటీమీటరు చొప్పున కుట్టులోనికి మడత పోవును. 10 సెంటీమీటర్ల చదరపు ముక్క కుట్టిన పిదప 8 సెంటీమీటర్లు మాత్రమే కనబడును. బట్టలో మూడవవంతునకు పైగా మడతలో పోయినట్లే. 20 సెంటీమీటర్ల ముక్కలో 18 సెంటీమీటర్లు కనబడును. అయిదవవంతు కూడ పోదు. పైని చెప్పిన బొంతకు చిన్నముక్కలైనచో 350 కావలెను, వాని బట్ట 3.5 చదరపు మీటర్లు. పెద్దముక్కలైనచో 66 చాలును, వాని బట్ట 2.64 చదరపు మీటర్లు. చిన్నముక్కల బొంత చూడ ముచ్చటగా నుండును, నిజమే. కాని అది బట్టను, కాలమును రెండింటిని ఎక్కువగా తినును. ముక్క ఎంత పెద్దదిగా దొరకిన అంత పెద్దదిగానే వాడుట ఇంటిపనికి లాభము. అరచేయి పాటి లేని ముక్కలను దాచుట మానవలెను. వానిని దిండులో దూదికి బదులు నింపుట ఉత్తమము.

కుట్టు విధానము

అడుగుపొరను నేలపై ముడుత లేకుండ పరచి, నడిమిపొరలను దానిపై వేసి, అన్నింటిపైన పైపొరను సరిచేయవలెను. జానెడు దూరమున కొకటి చొప్పున పెద్దపెద్ద కచ్చాకుట్లు వేసి పొరలు కదలకుండ చేయవలెను. పిమ్మట బొంతసూదితో, గట్టి నూలుదారముతో, పైకి క్రిందికి పోవు సాదాకుట్టు వేయుచు ఒక అంచునుండి రెండవ అంచువరకు వరుసగా సాగవలెను. వరుసకు వరుసకు నడుమ 3 సెంటీమీటర్లు మించరాదు. వరుసలు ఎడమైనచో లోపలి బట్ట ఉతుకులో ముద్దకట్టును. చివరకు చీర అంచులను కత్తిరించి నాలుగువైపుల పట్టీగా కుట్టవలెను. చీర చినిగినను అంచు చాలకాలము గట్టిగా నుండును. బొంతకు అదియే కవచము. కచ్చాకుట్లను అన్నింటికంటె చివర తీసివేయవలెను.

ఈ శ్రమను కూడ లెక్కింతము. 1.1 మీటరు వెడల్పులో 3 సెంటీమీటర్ల కొకటి చొప్పున 36 వరుసలు వచ్చును. ఒక్కొక్క వరుస 2 మీటర్లు. మొత్తము 72 మీటర్ల కుట్టు. మీటరుకు 10 నిమిషముల చొప్పున వేసినను 12 గంటలు పట్టును. ముక్కలు అతుకుట, ఉతుకుట, కత్తిరించుట దీనికి అదనము. ఎనిమిది గంటల రోజుపనితో పోల్చినచో ఒక బొంత రోజున్నరకు పైబడిన పని. బొంత తయారుకాకపోవుటకు సోమరితనము కారణము కాదు. పొలముపని, పశువులపని, వంట, నీరు, పిల్లలు అన్నియు ముగిసిన పిదప ఏ స్త్రీకి వరుసగా 12 గంటలు దొరకును? ఈ సత్యమును గుర్తింపక "మా ఇండ్లలో పూర్వమువలె బొంతలు కుట్టుట లేదు" అని నిందించుట న్యాయము కాదు. నలుగురు కూడి మూలకొకరు కూర్చున్నచో అదే పని ఒక పూటలో ముగియును. కావున బొంత ఒంటరిపనిగా గాక కూడి చేయు పనిగా మారవలెను. ఇంటిలోని మగవారు బట్ట ఉతికి, ఎండవేసి, ముక్కలు కత్తిరించి ఇచ్చుటకు అడ్డేమియు లేదు.

ఇతర ప్రాంతముల అనుభవము

సంస్కృతమున "కంథ" యనగా బొంతయే. వంగదేశమున ఆ పేరుతోనే పాతచీరల పొరలపై పూలు, పక్షులు, కథలు కుట్టు విద్య వెలసినది. మహారాష్ట్రమున దీనిని గోధడి యనియు, ఉత్తర కర్ణాటకమున కౌది యనియు పిలుతురు. ఉత్తర కన్నడ జిల్లాలోని సిద్ది తెగ స్త్రీలు కుట్టు కవంది బొంతలో ఒక చక్కని ఉపాయము కలదు. వారు ముక్కలను ముందుగా ఒకదానికొకటి అతుకరు. అడుగుబట్టపై అంచునుండి మొదలుపెట్టి, ముక్క అంచును మడచి, దానిపై మరియొక ముక్క మోపి, ఒకే కుట్టుతో అతుకును, పొరలను కలిపి కుట్టుచు నడిమికి వత్తురు. ముక్కలు ఒకే కొలతలో నుండవలసిన పని లేదు. చేతికి వచ్చిన ముక్క వచ్చినట్లే ఇముడును. దర్జీ ముక్కలు ఎక్కువగా గల మన గ్రామములలో ఈ పద్ధతి మిక్కిలి అనుకూలము.

బీహారులోని ముజఫర్‌పూర్ జిల్లాలో సుజని యను బొంతకుట్టు ఇంటి అవసరమునుండి జీవనోపాధిగా మారినది. ఒకప్పుడు పురిటిబిడ్డకు పాతచీరలతో కుట్టెడి మెత్తని బొంతయే సుజని. స్త్రీలు కూటములుగా చేరి ఆ కుట్టును అమ్మకమునకు పనికివచ్చునట్లు తీర్చిదిద్దిరి. ఆ పనికి దోహదముచేసిన శ్రీమతి నిర్మలాదేవికి భారత ప్రభుత్వము 2025లో పద్మశ్రీ పురస్కార మొసగినది. బొంత చింకిపాతల కూర్పే కావచ్చును. కాని దానిని కుట్టు చేయి చింకిది కాదు.

మన తెలుగు బొంతకు అట్టి పేరు రాలేదు. కాని విద్య ఇంకను బ్రతికియే యున్నది. గ్రామమున వృద్ధస్త్రీలను అడిగినచో వరుస ఎట్లు తిన్నగా నిలుపవలెనో, మూల ఎట్లు మడువవలెనో చేసి చూపగలవారు ఒకరిద్దరైన దొరకుదురు. వారు నేర్పుటకు సిద్ధముగా నున్నప్పుడే నేర్చుకొనవలెను.

బొంతకు పనికిరాని బట్ట

మూడవ కుప్పలోని పాలియెస్టరు చీరలను రెండంగుళముల పట్టీలుగా చీల్చి, మూడుపాయలుగా అల్లి, చుట్టగా చుట్టి కుట్టినచో గుమ్మమునకు కాలిపట్టయగును. రెండుపొరలుగా కుట్టిన సంచి అంగడి సరుకునకు పనికివచ్చును, ప్లాస్టికు సంచిని మాన్పించును. నలిగిన నూలుబట్టలో బొంతకు మిగిలినది మసిగుడ్డలకు, నేలతుడుపు గుడ్డలకు, తలపై బిందె మోయువారి చుట్టకుదుళ్ళకు పోవును.

పాతబట్టలు పుచ్చుకొని స్టీలుగిన్నెలు ఇచ్చు వర్తకులు మన వీధులలో తిరుగుదురు. వారిని చులకన చేయరాదు. వారు ఎత్తుకొని పోవు బట్టలో బాగున్నది మరల సంతలలో అమ్ముడగును. హర్యానాలోని పానీపత్ పట్టణము పాత ఉన్నిబట్టలను, ఇతర వ్యర్థపు బట్టలను పీచుగా మార్చి కంబళ్ళు నేయుటలో ప్రసిద్ధి గాంచినది. గిన్నెకు ఇచ్చినచో బట్టకు మరియొక జన్మ లభింపవచ్చును. అయితే మంచి నూలుచీరను గిన్నెకు ఇచ్చి, పిదప అంగడిలో దుప్పటి కొనుట లాభమో నష్టమో ఇల్లాలే లెక్క చూచుకొనవలెను.

నాలుగవ కుప్పను ఏమి చేయవలెను? కాల్చరాదు. కాలిన పాలియెస్టరు పొగ కండ్లకు, ఊపిరితిత్తులకు చేటు. కాలువలో వేయరాదు. నూలుబట్ట కొన్నాళ్ళకు మురిగిపోవును గాని పాలియెస్టరు ఏండ్ల తరబడి మురుగదు. తూమునకు అడ్డుపడి వానకాలమున మురుగునీటిని వీధిలోనికి తెచ్చును. దానిని పొడిచెత్తలో వేయవలెను. 2016 నాటి ఘనవ్యర్థముల నియమములు తడిచెత్తను, పొడిచెత్తను వేరుచేయవలెనని విధించినవి. 2020లో ప్రారంభమైన స్వచ్ఛభారత్ గ్రామీణ రెండవ దశ గ్రామములలో చెత్త నిర్వహణకు ప్రాధాన్య మిచ్చినది. చెత్తను వేరుచేయు షెడ్డు గల గ్రామములలో బట్టకు ప్రత్యేకముగా ఒక అర కేటాయించుట కష్టము కాదు.

ఆరోగ్య విషయమై కొన్ని హెచ్చరికలు

బొంత తడిసినచో బరువెక్కును, ఆరుట ఆలస్యము. అందువలన చాల ఇండ్లలో దానిని ఉతుకుట అరుదు. ఇది మంచిది కాదు. పాతచీరతో గలేబువలె ఒక పైతొడుగు కుట్టి బొంతకు తొడిగినచో తొడుగును మాత్రము వారమునకొకమారు ఉతికి, బొంతను ఎండలో వేసిన చాలును. ఇంట ఎవరికైన గజ్జి సోకినప్పుడు వారి బొంతను ఇతరులు కప్పుకొనరాదు. పక్కబట్టలను వేడినీట ఉతికి ఎండబెట్టవలెను. ఉతుకలేని బొంతను సంచిలో కట్టి వారముదినములు విడిగా నుంచవలెను. గజ్జిపురుగు మనిషి ఒంటిని విడిచి రెండుమూడు దినములకంటె ఎక్కువకాలము బ్రతుకజాలదు.

పొయ్యిదగ్గర, కుంపటిదగ్గర పడుకొనువారి బొంతలో పాలియెస్టరు పొర ఉండరాదు. నూలుకు కూడ నిప్పంటును. కాని కరగి చర్మమునకు అంటుకొనదు. పసిబిడ్డ ముఖమును బరువైన బొంతతో కప్పరాదు.

పంచాయతీ చేయదగిన సాయము

పంచాయతీ బొంతలు కుట్టనక్కరలేదు. కుట్టువారికి వీలు కల్పించిన చాలును.

మొదటిది, చోటు. వేసవిలో పొలముపనులు తగ్గిన దినములలో పంచాయతీ భవనపు వరండానో, సమాజమందిరమునో వారమునకు రెండుపూటలు స్త్రీల సంఘములకు విడిచిపెట్టవలెను. నీడ, త్రాగునీరు, పెద్దచాప, పిల్లలు ఆడుకొనుటకు స్థలము ఉన్న చాలును. వైశాఖ జ్యేష్ఠములలో కుట్టిన బొంత పుష్యమాసపు చలికి సిద్ధముగా నుండును.

రెండవది, ముడిసరుకు. దర్జీ కత్తిరించు బట్టలో కొంతభాగము ముక్కలుగా మిగులుట తప్పదు. గ్రామమందలి దర్జీలకు రెండేసి సంచులిచ్చి, నూలుముక్కలను ఒకదానిలో, ఇతర ముక్కలను మరియొకదానిలో వేయుడని కోరవలెను. ఒకసారి కలిసిన ముక్కలను పిదప వేరుచేయుటకు పట్టు శ్రమ, కలువకుండ చూచుటకు పట్టు శ్రమకంటె ఎన్నోరెట్లు ఎక్కువ.

మూడవది, వెల. అమ్మకమునకు కుట్టు బొంతకు బట్ట ఉచితముగా వచ్చినదని చెప్పి శ్రమను కూడ ఉచితముగా లెక్కించు అలవాటు కలదు. ఇది సరికాదు. రోజున్నర కూలి, దారపు వెల, సూది వెల కలిపిన పిదపనే బొంత ధర నిర్ణయింపవలెను. ఆ ధరకు కొనువారు లేనిచో అమ్మకము కొరకు కుట్టరాదు. ఇంటి అవసరమునకు మాత్రమే కుట్టుకొనవలెను. కొనువారు ఎవరో తెలియకముందు యాభై బొంతలు కుట్టి పేర్చినచో పాతబట్టల మూటకు బదులు కొత్తబొంతల మూట తయారగును.

నాలుగవది, పంచుట. ఇంట మిగిలిన మంచిబట్టను, బొంతను అవసరమున్నవారికి ఇచ్చునప్పుడు వారి గౌరవమునకు భంగము కలుగరాదు. 1999లో స్థాపింపబడిన గూంజ్ సంస్థ ఈ విషయమున మార్గదర్శకము. గ్రామస్థులు తమ ఊరి చెరువునో, బాటనో తామే బాగుచేసికొనగా, ఆ శ్రమకు ప్రతిఫలముగా పట్టణములనుండి సేకరించిన బట్టలను ఇచ్చు పద్ధతిని అది అనుసరించినది. వాడదగని నూలుబట్టతో స్త్రీల ఋతుకాలపు అవసరములకు శుభ్రమైన గుడ్డలను కూడ తయారుచేసినది. దాని స్థాపకుడు శ్రీ అంశు గుప్తకు 2015లో రామన్ మెగసెసె పురస్కారము లభించినది. చినిగిన బట్టను దానమని పేర్కొని ఇచ్చుట దానము కాదు. తాము కప్పుకొనుటకు ఇష్టపడు బొంతనే ఇతరులకు ఇవ్వవలెను.

ధాన్యమును గాదెలో పోయువాడు ఎంత పోసినదియు, ఎంత తీసినదియు లెక్క వ్రాయును; పాతగింజ చెడకముందే వాడును. బట్టకు కూడ అదే న్యాయము. బట్ట నేసినవారి చేతికి, కట్టినవారి జ్ఞాపకమునకు గౌరవము చేయదలచినచో దానిని పెట్టెలో పాతిపెట్టరాదు. అవ్వ చీర మనుమని బొంతలో పొరయైనప్పుడే అది నిజముగా దాచబడినట్లు.

చర్చింపదగిన ప్రశ్నలు

1. మీ గ్రామమున దర్జీ ముక్కలు ఇప్పుడెక్కడికి పోవుచున్నవి? కాలువలలో చిక్కిన బట్టను గత వానకాలమున ఎన్నిమార్లు తీయించితిరి?

2. బొంత కుట్టు నేర్పగల వృద్ధస్త్రీలు మీ వార్డులో ఎవరెవరున్నారు? వారిచేత నేర్పించుటకు, వారి శ్రమకు ప్రతిఫల మిచ్చుటకు ఏర్పాటేమి?

3. వేసవిలో స్త్రీల సంఘములకు విడువదగిన నీడగల చోటు ఏది?

4. మీ ప్రాంతమున ఒక రోజు కూలి ప్రకారము ఒక బొంతకు న్యాయమైన ధర ఎంత? ఆ ధరకు కొనువారు ఎవరు?

5. మీ ఇంటి పాతబట్టల మూటలో ఏమేమి కలదో మీరు చెప్పగలరా? చెప్పలేనిచో మొదటి పని ఎక్కడ మొదలుపెట్టవలెను?